ఉద్యోగం పోయాక మంచు ఊరికి మకాం మార్చే ముందు



నేలకొండపల్లిలో పెద్దలు తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటి ఉంది. ఇదే విరాటరాజు ఏలిన పట్నమనీ, రాజ్యం పోగొట్టుకున్న పాండవులు పేర్లు మార్చుకుని ఏడాదిపాటు ఇక్కడే తలదాచుకున్నారనీ అంటారు. ఇది స్థలపురాణమే గానీ చరిత్ర కాదు. అయినా ఊరివాళ్ళు దాన్ని మరచిపోకపోవడానికి కారణం ఉంది. కొలువు పోయినవాడు ఇంటిల్లిపాదితో తెలియని చోటికి వెళ్ళి, అలవాటు లేని పని చేస్తూ, తానెవరో చెప్పుకోలేక రోజులు లెక్కపెట్టుకోవడం ఎలా ఉంటుందో ఆ కథలో ఉంది.

ఈ కాలంలో అలాంటి కథ మన పిల్లలకే ఎదురవుతోంది. మే నెల ఎండలో 44, 45 డిగ్రీల వేడి చూసి పెరిగిన పిల్లలు ఖమ్మంలోనో హైదరాబాద్‌లోనో ఇంజనీరింగ్ చదివి, అమెరికా వెళ్ళి, స్థిరపడ్డామని అనుకునేలోగా ఒక ఉదయం వచ్చిన ఈమెయిల్‌తో ఉద్యోగం పోగొట్టుకుంటున్నారు. ఆ తర్వాత చాలా ఇళ్ళలో వచ్చే ఆలోచన ఒకటే: "కెనడా వెళ్ళిపోదామా? చలి ఎక్కువంటారు. ఊరు చిన్నదంటారు. అయినా బతకొచ్చు కదా!" వెళ్ళవచ్చా, వెళితే ఏమేం చూసుకోవాలి, తొందరపడితే ఏం జరుగుతుంది అన్నది ఈ వారం వివరంగా చూద్దాం.

60 రోజుల లెక్క

2022 నవంబరులో మెటా 11 వేల మందిని తీసివేసింది. 2023 జనవరిలో అమెజాన్ 18 వేలు, గూగుల్ 12 వేలు, మైక్రోసాఫ్ట్ 10 వేల మందిని తగ్గిస్తామని ప్రకటించాయి. అమెరికా ఇచ్చే హెచ్-1బీ అనుమతుల్లో 70 శాతానికి పైగా భారతదేశంలో పుట్టినవారివే కాబట్టి, అక్కడ కంపెనీలు మనుషులను తగ్గించినప్పుడల్లా ఆ దెబ్బ తెలుగు ఊళ్ళకూ తగులుతుంది.

హెచ్-1బీ మీద పనిచేసేవారి ఉద్యోగం పోతే, అక్కడే ఉండి మరో దారి చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. 2017 జనవరి నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. వీసా అనుమతి అంతకుముందే ముగిసిపోతే గడువు అక్కడితో ఆగిపోతుంది. మామూలుగా జీతం లెక్కకు వచ్చిన ఆఖరి రోజు నుంచి దీన్ని లెక్కిస్తారు. కంపెనీ రెండు మూడు నెలల జీతాన్ని పరిహారంగా ఇచ్చినా ఆ నెలలు ఈ గడువుకు కలవవు. చాలామంది పొరబడేది ఇక్కడే. భార్యాపిల్లల హెచ్-4 అనుమతి కూడా ఉద్యోగి హోదాకే ముడిపడి ఉంటుంది.

ఈ గడువులోగా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మరో కంపెనీ కొత్త హెచ్-1బీ దరఖాస్తు పెట్టవచ్చు. జీవిత భాగస్వామికి సొంత హెచ్-1బీ ఉంటే హెచ్-4 హోదాకు మారడానికి దరఖాస్తు చేసుకోవచ్చు. సందర్శక హోదా కోరవచ్చు, అయితే ఆ హోదాలో ఉద్యోగం చేయకూడదు. ఇవేవీ కుదరకపోతే దేశం విడిచి వెళ్ళాలి. గడువు ముగియక ముందే కంపెనీ తీసివేస్తే, ఉద్యోగి స్వదేశానికి చేరడానికి అయ్యే న్యాయమైన ప్రయాణ ఖర్చు ఆ కంపెనీయే భరించాలని అమెరికా నిబంధన చెబుతుంది. అది ఉద్యోగికే వర్తిస్తుంది, కుటుంబానికి కాదు. ఈ మాట తెలియక అడగనివారు చాలామంది.

ఇప్పుడు అసలు విషయం. కెనడాలో శాశ్వత నివాసం 60 రోజుల్లో వచ్చేది కాదు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో పిలుపు అందుకున్నవారి దరఖాస్తుకే ఆరు నెలలు పడుతుందని ఆ ప్రభుత్వం పెట్టుకున్న లెక్క. దానికి ముందు ఇంగ్లిషు పరీక్ష రాయాలి, డిగ్రీకి విలువ కట్టించుకోవాలి, పిలుపు కోసం ఎదురుచూడాలి. కాబట్టి ఉద్యోగం పోయిన రోజున "కెనడా ఉందిలే" అనుకోవడం కట్టని ఇంట్లో కాపురం పెట్టుకోవడం లాంటిది. ఉద్యోగం ఉన్నప్పుడే కాగితాలు సిద్ధం చేసుకున్నవారికే ఆ దారి పనికొస్తుంది.

కెనడా తలుపు ఎంతవరకు తెరిచి ఉంది?

2023 జులై 16న కెనడా ఒక కొత్త అవకాశం ఇచ్చింది. అమెరికా హెచ్-1బీ ఉన్నవారు ఏ కంపెనీలోనైనా పనిచేసుకునేలా మూడేళ్ళ వరకు అనుమతి ఇస్తామని, 10 వేల దరఖాస్తులు తీసుకుంటామని చెప్పింది. మరునాటికే ఆ 10 వేలూ నిండిపోయాయి. మన పిల్లల మనసుల్లో ఎంత భయం ఉందో ఆ ఒక్క రోజులో తెలిసింది. ఆ తలుపు తర్వాత అలా తెరుచుకోలేదు. ఇంకా అది ఉందని చెప్పే ఏజెంటును నమ్మవద్దు.

మరో దారి చిన్న ఊళ్ళది. టొరంటో, వాంకూవర్ వంటి మహానగరాలకు మనుషుల కొరత లేదు. ఉత్తరాన ఉన్న చిన్న పట్టణాల్లో పిల్లలు చదువులకు వెళ్ళిపోయి, పెద్దలు పదవీ విరమణ చేసి, పనిచేసేవాళ్ళు కరువయ్యారు. అందుకే 2019లో కెనడా 11 ఊళ్ళతో ఒక ప్రయోగ పథకం మొదలుపెట్టింది. అది ముగిశాక, 2025 జనవరిలో 14 ప్రాంతాలతో రూరల్ కమ్యూనిటీ ఇమిగ్రేషన్ పైలట్ అనే కొత్త పథకం ప్రకటించింది. ఒంటారియోలో థండర్ బే, టిమ్మిన్స్, సడ్‌బరీ, నార్త్ బే, సూ సెయింట్ మేరీ. మానిటోబాలో బ్రాండన్, స్టైన్‌బాక్. సస్కచెవాన్‌లో మూస్ జా వంటివి ఆ జాబితాలో ఉన్నాయి.

ఈ పథకం ఎవరిని పడితే వారిని తీసుకోదు. ఆ ఊరిలో గుర్తింపు పొందిన యజమాని నుంచి నిజమైన ఉద్యోగ పత్రం ఉండాలి. గత మూడేళ్ళలో ఏడాది సంబంధిత అనుభవం ఉండాలి. పని స్థాయిని బట్టి భాషా పరీక్షలో నిర్ణీత మార్కులు రావాలి. ఆ ఊళ్ళోనే ఉంటామనే ఉద్దేశం ఉండాలి. ఇంకో సంగతి, ఏ రంగాలవారు కావాలో ఆ ఊరే నిర్ణయించుకుంటుంది. వైద్యసేవ, నిర్మాణం, యంత్రాల మరమ్మతు, పిల్లల సంరక్షణ వంటి పనులకు అక్కడ గిరాకీ ఎక్కువ. సాఫ్ట్‌వేర్ పనికి తక్కువ.

ఇక్కడ ఇంట్లో లెక్క తిరగబడవచ్చు. అమెరికాలో భర్త సాఫ్ట్‌వేర్ జీతం మీద బతికిన కుటుంబంలో, బి.ఎస్సి నర్సింగ్ చదివి హెచ్-4 మీద ఇంట్లో ఉండిపోయిన భార్య ఉందనుకోండి. ఆ చిన్న ఊరికి కావలసింది ఆమె. నర్సుల కోసం అమెరికాలో పెట్టే ఎన్‌క్లెక్స్ పరీక్షనే కెనడాలో చాలా ప్రావిన్సులు 2015 నుంచి పెడుతున్నాయి. లైసెన్సు రావడానికి నెలలు పడుతుంది, చదువు కాగితాలు ఇక్కడి కళాశాల నుంచి తెప్పించాలి. అయినా దరఖాస్తులో ముందు పేరు ఎవరిది ఉండాలో కూర్చుని ఆలోచించుకోవాలి. భర్త పేరే ముందుండాలన్న పట్టుదలతో ఉన్న ఒక్క దారినీ మూసుకోవద్దు.

చలి ఎంతటిది?

మన దగ్గర సంక్రాంతి ముందు తెల్లవారుజామున మంకీ టోపీ పెట్టుకుని నెగడు దగ్గర కూర్చుంటే చలి పోతుంది. మానిటోబా చలి అలా పోదు. అక్కడ జనవరిలో రాత్రిళ్ళు మైనస్ 30 డిగ్రీలకు దిగడం వింత కాదు. గాలి తోడైతే ఒంటికి తగిలే చలి ఇంకా ఎక్కువ. గాలితో కలిపి మైనస్ 28 దాటితే బయట పెట్టిన చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టవచ్చని కెనడా వాతావరణ శాఖ హెచ్చరిస్తుంది. మైనస్ 40 దాటితే 5 నుంచి 10 నిమిషాలే.

చర్మం తెల్లబడి మొద్దుబారితే దాన్ని రుద్దకూడదు. మంటకు దగ్గరగా పెట్టకూడదు. లోపలికి తీసుకువచ్చి గోరువెచ్చని నీళ్ళలో ఉంచి వైద్యుడికి చూపాలి. నూలు బనియను, నూలు మేజోళ్ళు చెమటకు తడిస్తే ఒంటి వేడిని లాగేస్తాయి. లోపల ఉన్ని, మధ్యలో మరో పొర, పైన గాలి చొరని కోటు, ఇలా పొరలుగా వేసుకోవాలి. పిల్లలకు వేళ్ళు విడివిడిగా ఉండే గ్లోవ్స్ కన్నా వేళ్ళన్నీ ఒకే సంచిలో ఉండేవి మేలు. ఇవన్నీ ఇండియా నుంచి కొనుక్కుపోతే డబ్బు దండగ. అక్కడికి తగినవి అక్కడే దొరుకుతాయి. ఆ ఖర్చు ముందే లెక్కలో రాసుకోవాలి.

మూసిన గదిలో కుంపటి పెట్టుకోవడం, గ్యారేజీ తలుపు వేసి కారు స్టార్ట్ చేసి ఉంచడం ప్రాణం తీస్తాయి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అద్దె ఇంట్లో దాన్ని పసిగట్టే అలారం ఉందో లేదో మొదటిరోజే చూసుకోవాలి. వేడి కోసం అయ్యే బిల్లు అద్దెలో కలిసి ఉందా, విడిగానా అనేది సంతకం పెట్టకముందే అడగాలి. కారుకు మంచు టైర్లు, ఇంజను వేడిగా ఉంచే హీటర్ కావాలి. కారు లేకుండా ఆ ఊళ్ళలో పాల ప్యాకెట్టు తెచ్చుకోవడం కూడా కష్టం.

చలికన్నా కొందరిని కుంగదీసేది చీకటి. డిసెంబరు మూడో వారంలో విన్నిపెగ్‌లో ఉదయం 8:24కు తెల్లవారి సాయంత్రం నాలుగున్నరకు పొద్దుగూకుతుంది. ఉద్యోగానికి వెళ్ళినవారికి నలుగురు కనబడతారు. కొత్త ఊళ్ళో ఇంట్లో చంటిపిల్లతో ఉండిపోయిన ఇల్లాలికి ఎవరూ కనబడరు. నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, తిండి మీద మనసు లేకపోవడం వారాల తరబడి ఉంటే, అది బలహీనత కాదు. డాక్టరుకు చెప్పుకోవలసిన జబ్బు. విటమిన్ డి గురించి కూడా అప్పుడే అడగాలి.

ఒకే పరిశ్రమ మీద బతికే ఊరు

మారుమూల ఊరికి మరో గుణం ఉంటుంది. అది చాలాసార్లు ఒకే గని మీదో, ఒకే కర్మాగారం మీదో నిలబడి ఉంటుంది. ఈ సంగతి ఖమ్మం ప్రాంతంవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాక ఆ అడవిలో పట్టణం లేచింది. ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలు పని కోసం వచ్చి చేరాయి. తర్వాత గనుల బలం కొత్తగూడెం వైపు మళ్ళింది. బొగ్గు ఎటు పోతే బతుకు అటు పోయింది.

కెనడాలో అల్బర్టా ఉత్తరాన ఫోర్ట్ మెక్‌మరీ అలాంటిదే. అది చమురు ఇసుక మీద బతికే ఊరు. 2016 మే నెలలో అడవి మంటలు చుట్టుముట్టి దాదాపు 88 వేల మంది ఊరు ఖాళీ చేయవలసి వచ్చింది. చమురు ధర పడినప్పుడు కూడా ఆ ఊరి ఇళ్ళ మీద ఆ దెబ్బ పడుతుంది. కాబట్టి వెళ్ళే ఊళ్ళో ఈ ఉద్యోగం పోతే ఇంకో యజమాని ఉన్నాడా అని తప్పకుండా విచారించాలి. ఒకసారి ఉద్యోగం పోగొట్టుకున్న కుటుంబం, రెండోసారి మైనస్ 30లో పోగొట్టుకుంటే తట్టుకోవడం కష్టం.

దూరం కూడా లెక్కే. నేలకొండపల్లి నుంచి ఖమ్మం బస్సు ఎక్కి పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. థండర్ బే నుంచి టొరంటో దాదాపు 1,400 కిలోమీటర్లు. ఒంట్లో బాగాలేక పెద్ద నిపుణుడికి చూపించుకోవాలన్నా, కందిపప్పు కోసమన్నా ఆ దూరం అడ్డం వస్తుంది. ప్రభుత్వ వైద్యం ఎప్పటినుంచి వర్తిస్తుందో ప్రావిన్సును బట్టి మారుతుంది. బ్రిటిష్ కొలంబియాలో మూడు నెలల వరకు ఆగాలి. గర్భిణి గానీ షుగరు మందులు వాడేవారు గానీ ఇంట్లో ఉంటే ఆ మధ్యకాలానికి బీమా తీసుకోవాలి.

తొందరలో ఉన్నవారే మోసగాళ్ళకు చిక్కుతారు

కెనడాలో ఉద్యోగ పత్రాన్ని డబ్బుకు అమ్మడం నేరం. వలస దరఖాస్తు పత్రాలు ఆ ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. డబ్బు తీసుకుని సలహా ఇచ్చేవారు అక్కడి న్యాయవాదులో, లైసెన్సు ఉన్న సలహాదారులో అయి ఉండాలి. మన దేశంలో విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు 1983 వలస చట్టం కింద నమోదై ఉండాలి. సేవా రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంటు పేరు ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వానికి టామ్‌కామ్ అనే సొంత సంస్థ కూడా ఉంది. లక్షలు అడిగేవాడి దగ్గరకు పోయే ముందు అక్కడ ఒక మాట అడగడంలో నష్టం లేదు.

చలి దేశంలో కొలువు అన్న మాట ఎంత దూరం తీసుకుపోతుందో 2024లో చూశాం. రష్యాలో సహాయకుడి ఉద్యోగమని వెళ్ళిన హైదరాబాద్ యువకుడు యుద్ధరంగంలో చనిపోయాడు. ఆ మార్చిలోనే సీబీఐ ఏజెంట్ల ఇళ్ళపై, కార్యాలయాలపై సోదాలు చేసింది. అంతకు రెండేళ్ళ ముందు, 2022 జనవరి 19న, మానిటోబాలోని ఎమర్సన్ దగ్గర గుజరాత్‌కు చెందిన ఒక కుటుంబం మంచులో గడ్డకట్టి కనిపించింది. తల్లి, తండ్రి, 11 ఏళ్ళ పాప, మూడేళ్ళ బాబు. దొంగదారిన అమెరికా సరిహద్దు దాటించే ముఠాను నమ్మి ఆ రాత్రి నడక మొదలుపెట్టారు. సరిహద్దు కొన్ని మీటర్ల దూరంలోనే ఉంది.

ఇంట్లో చెప్పని మాట

ఇంతవరకు చెప్పినవి కాగితాల సంగతులు. వాటికన్నా బరువైనది ఒకటి ఉంది. ఉద్యోగం పోయిన పిల్లలు చాలామంది ఆ మాట ఇంట్లో చెప్పరు. అమ్మకు బీపీ అని, నాన్న తట్టుకోలేడని, ఊళ్ళో పరువు పోతుందని దాస్తారు. ఆదివారం ఆరాధన తర్వాత కొడుకు గ్రీన్‌కార్డు కోసం ప్రార్థించమని తల్లి అందరినీ అడుగుతూ ఉంటుంది. అప్పటికి అతనికి ఉద్యోగం పోయి నెల దాటి ఉంటుంది.

దాచడం వల్ల జరిగే నష్టం డబ్బులో కూడా కనబడుతుంది. చదువుకు తీసుకున్న అప్పు, చెల్లెలి పెళ్ళికి ఒప్పుకున్న మొత్తం, ఊళ్ళో మొదలుపెట్టిన ఇంటి స్లాబు, ఇవన్నీ పాత జీతం లెక్క మీదే సాగుతూ ఉంటాయి. ఇంట్లోవారికి తెలిస్తే స్లాబు ఆరు నెలలు ఆపేవారు. తెలియదు కాబట్టి ఆపరు. అబ్బాయి క్రెడిట్ కార్డు మీద అప్పు చేసి పంపుతాడు. ఆ అప్పు తీర్చే తొందరలోనే మొదట దొరికిన మంచు ఊరికి, మొదట కనబడ్డ ఏజెంటు చేతి మీదుగా బయలుదేరతాడు. గొలుసంతా చెప్పని ఆ ఒక్క మాటతో మొదలవుతుంది.

పాండవులకు అజ్ఞాతవాసం షరతు. మనకు ఎవరూ ఆ షరతు పెట్టలేదు. మనమే పెట్టుకుంటున్నాం.

తల్లిదండ్రులకూ ఒక మాట. బిడ్డ ఫోను చేసి ఉద్యోగం పోయిందంటే మొదట అడగవలసింది "ఇప్పుడెలా?" అని కాదు, "పిల్లలు బాగున్నారా, తిన్నారా?" అని. తర్వాత ఇంటి లెక్కలన్నీ అతని ముందు పెట్టండి. ఆపగలిగిన ఖర్చులు మీరే ముందు చెప్పండి. చుట్టాల ముందు అతని సంగతి చిన్నబుచ్చుతూ మాట్లాడకండి.

వరుసగా చేయవలసినవి

నిర్ణయం తీసుకోబోయే కుటుంబం ఒక కాగితం మీద నాలుగు వరుసలు రాసుకోవాలి. చేతిలో ఉన్న చట్టబద్ధమైన రోజులు ఎన్ని? జీతం లేకుండా ఎన్ని నెలలు గడుస్తుంది? భార్యాభర్తల్లో ఎవరి పనికి ఏ ఊళ్ళో గిరాకీ ఉంది? వెళ్ళేది ఏ నెలలో? శీతకాలం మధ్యలో చిన్నపిల్లలతో దిగడం కన్నా, వీలైతే ఎండాకాలంలో వెళ్ళి సెప్టెంబరులో బడి తెరిచేనాటికి స్థిరపడడం మేలు. ఉద్యోగం నిజమో కాదో తేలేవరకు ఒకరు ముందు వెళ్ళి, ఒక చలికాలం రుచి చూసి, తర్వాత మిగతావారిని పిలిపించుకోవడం ఖర్చు తగ్గిస్తుంది. అయితే ఆ ఎడబాటుకు ఒక తేదీ పెట్టుకోవాలి. తేదీ లేని ఎడబాటు కాపురాలను చెడగొడుతుంది.

ఆ వరుసల కింద ఐదోది కూడా రాయండి: తిరిగి ఇంటికి రావడం. చాలామంది దీన్ని రాయనే రాయరు. హైదరాబాద్‌లో జీతం తక్కువే కావచ్చు. అయినా గడువు లేదు, వీసా లేదు, అమ్మానాన్నలు నాలుగు గంటల ప్రయాణంలో ఉంటారు. అన్నీ పక్కపక్కన పెట్టి చూశాక మంచు ఊరే మేలని తేలితే ధైర్యంగా వెళ్ళండి. అక్కడ మంచి బడులు ఉన్నాయి, పొరుగువారు మీ గుమ్మం ముందు మంచు కూడా ఎత్తిపోస్తారు, చట్టం మిమ్మల్ని కాపాడుతుంది. చలికి తగిన కోటు దొరుకుతుంది. తొందరపాటుకు మాత్రం ఏ అంగట్లోనూ కోటు దొరకదు.

ఈ వారం మీకు తెలిసిన కుటుంబంలో ఎవరైనా ఫోనులో మాటలు తగ్గించారా? డబ్బు పంపడం ఆలస్యమై, అడిగితే "బిజీ" అంటున్నారా? మీరే ముందు ఫోను చేయండి. ఉద్యోగం గురించి అడగకండి. ఇంటి తలుపు తెరిచే ఉందని చెప్పండి. మిగతాది వాళ్ళే చెబుతారు.